కోన్యాక్ రుచికి ధర కొలమానమా?

డ్యూటీ ఫ్రీ దుకాణంలో ఫ్రెంచ్ ద్రాక్ష బ్రాందీ అయిన కోన్యాక్ సీసాల ముందు ఆగిన తెలుగు ప్రయాణికుడు ముందు ధర చూస్తాడు, ఆ తర్వాత వీఎస్, వీఎస్‌ఓపీ, ఎక్స్‌ఓ అన్న అక్షరాలు చూస్తాడు. ఎంత ఖరీదైతే అంత రుచి అనుకుని ఎక్స్‌ఓ వైపు చెయ్యి చాస్తాడు. ఆ లెక్క సగమే నిజం.

ఆ అక్షరాలు రుచికి హామీ కావు. మిశ్రమంలో అన్నిటికన్నా లేత సారా ఓక్ పీపాలో కనీసం ఎన్నేళ్లు ఉందో మాత్రమే చెబుతాయి. వీఎస్‌కు 2 ఏళ్లు, వీఎస్‌ఓపీకి 4. ఎక్స్‌ఓకు 6 ఏళ్లు సరిపోయేవి; 2018 ఏప్రిల్ నుంచి దాన్ని 10 చేశారు. పోనీ రంగు చూసి వయసు పోల్చుకుందామా అంటే, అదీ కుదరదు. క్యారమెల్ కలిపి రంగు సరిచేసుకోవడానికి కోన్యాక్ నిబంధనలే ఒప్పుకుంటాయి.

అసలు తేడా కంపెనీల పనితనంలో ఉంది. పుల్లటి తెల్ల వైన్‌ను రాగి బట్టీలో రెండుసార్లు కాయడం అందరికీ ఒకటే. కానీ రెమీ మార్టిన్ గ్రాండ్ షాంపేన్, పెటిట్ షాంపేన్ ప్రాంతాల ద్రాక్షనే వాడుతుంది. వైన్ అడుగున పేరుకున్న మడ్డిని తీసేయకుండా చిన్న బట్టీల్లో కాస్తుంది. అందుకే నాలుక మీద కాస్త చిక్కగా, పండ్ల వాసనతో నిలుస్తుంది. 1715లో పుట్టిన మార్టెల్ తీరు వేరు. మడ్డి తీసేశాకే వైన్‌ను బట్టీకెక్కిస్తుంది. దాని సారా తేలిగ్గా, తేటగా ఉంటుంది. కాబట్టి ఒకరి ఎక్స్‌ఓను మరొకరి వీఎస్‌ఓపీతో పోల్చడం అన్యాయం.

తెలుగు రాష్ట్రాల్లో అమ్ముడయ్యే బ్రాందీలో అధికభాగం మొలాసిస్ నుంచో ధాన్యం నుంచో తీసిన స్పిరిట్‌తో తయారయ్యేదే. దానికి అలవాటుపడ్డ నోటికి ఏ కోన్యాకైనా మెత్తగానే తోస్తుంది. కోన్యాక్‌ను కోన్యాక్ పక్కనే పెట్టి చూస్తే తప్ప ఆ తేడాలు పట్టుబడవు.

అలా పోల్చి చూసే పద్ధతి కష్టమేమీ కాదు. పేర్లు కనపడకుండా సీసాలకు కాగితం చుట్టాలి. మూతి సన్నగా ఉన్న గ్లాసుల్లో కొంచెం కొంచెం పోయాలి. ఐస్, సోడా వద్దు. మొదట ముక్కుకు తగిలేది ఆల్కహాల్ ఘాటే. అది తగ్గేదాకా గ్లాసును కదిలించకుండా ఆగాలి. ఆ తర్వాతే వనిల్లా, ఎండు పండ్లు, ఓక్ వాసనలు విడివిడిగా తెలుస్తాయి.

విదేశాల నుంచి వచ్చేవారు సుంకం లేకుండా 2 లీటర్ల మద్యమే తెచ్చుకోవచ్చు. ఆ కోటాను ఒక్క ఎక్స్‌ఓ మీద ఖర్చు చేసేకన్నా, రెండు కంపెనీల వీఎస్‌ఓపీలు పట్టుకురావడమే తెలివైన బేరం.