జనరేటర్ సరే, ఛేంజ్‌ఓవర్ స్విచ్ ఏదీ?



తుపానులకు ఎలా సిద్ధపడాలో చెబుతూ మీ పత్రిక గత సంచికలో వచ్చిన వ్యాసం బాగుంది. నీళ్ళు, టార్చిలైటు, మందులు, చేతిలో కాస్త నగదు, అన్నీ గుర్తుచేశారు. కానీ ‘వీలుంటే ఒక చిన్న జనరేటర్ కొనిపెట్టుకోండి’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం దగ్గరే నాకు పేచీ. జనరేటర్ వద్దని నేననను. దాన్ని ఇంటికి ఎలా తగిలించాలో చెప్పకుండా కొనమనడం మాత్రం ప్రమాదం. విశాఖ వైపు విద్యుత్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేసి రిటైరై, ఇప్పుడు ఆక్లండ్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పాత ఉద్యోగపు చాదస్తం అనుకున్నా సరే, ఈ నాలుగు మాటలూ అచ్చు వేయండి.

‘న్యూజిలాండ్‌లో కరెంటు పోవడమేమిటి’ అనేవాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. 1998లో భూగర్భ కేబుళ్ళు ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతిని, ఫిబ్రవరి 20న ఆక్లండ్ నడిబొడ్డు చీకటైంది. అయిదు వారాల పాటు అక్కడ జనరేటర్లే దిక్కయ్యాయి. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుపానుకు నేపియర్ దగ్గరి రెడ్‌క్లిఫ్ సబ్‌స్టేషన్ నీట మునిగింది. దేశం మొత్తమ్మీద 2 లక్షలకు పైగా ఇళ్ళకు సరఫరా పోయింది. 2024 జూన్ 20న తుపానూ లేదు, వరదా లేదు. మెయింటెనెన్స్ పనిలో పునాది నట్లు విప్పేయడంతో గ్లోరిట్ దగ్గర ఒక టవర్ కూలి, నార్త్‌లాండ్ చాలావరకు చీకట్లో కూర్చుంది. కాబట్టి జాగ్రత్తపడటం మంచిదే.

ఈమధ్య మనవాళ్ళ ఇంటికి భోజనానికి వెళితే, ఆ ఇంటి అబ్బాయి ముచ్చటపడి గరాజ్‌లోకి తీసుకెళ్ళి కొత్త జనరేటర్ చూపించాడు. దాని పక్కనే మేకుకు ఒక వైరు చుట్ట వేలాడుతోంది. రెండు చివర్లా మగ ప్లగ్గులే. ఒకటి జనరేటర్‌లో, రెండోది వాషింగ్ మెషీన్ సాకెట్లో గుచ్చితే ఇల్లంతా వెలుగుతుందట. ‘ముందు మెయిన్ ఆపేస్తాం కదా అంకుల్’ అన్నాడు. అతను ఇంట్లో లేని రోజున ఆ సంగతి ఎవరికి గుర్తుంటుంది? మెయిన్ ఆపినా, జనరేటర్ నడుస్తుండగా రెండో చివర ఊడి వస్తే ఆ పిన్నుల మీద 230 వోల్టులు ఉంటాయి. ముట్టుకోవడానికి పిల్లాడి చెయ్యి చాలు.

మెయిన్ ఆపడం మరిచిపోతే ముప్పు గుమ్మం దాటుతుంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను తగ్గించి మనకు పంపుతుంది. ఇటు నుంచి 230 ఎక్కిస్తే అదే ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి 11,000 చేసి లైను మీదికి తోస్తుంది. దీన్నే మేము రిటర్న్ సప్లై అనేవాళ్ళం. ‘వీధి లోడంతా మీద పడితే జనరేటరే ట్రిప్పవుతుంది కదా’ అని చదువుకున్నవాళ్ళే అడుగుతారు. వీధి మొత్తం కలిసి ఉంటే అది నిజమే. కానీ తుపానులో లైను తెగి, నాలుగిళ్ళ ముక్క విడిగా మిగిలిపోతుంది. ఆ కాస్త లోడుకు జనరేటర్ ఆగదు. తెగిన తీగను అతికించడానికి లైన్‌మన్ వచ్చేది సరిగ్గా అక్కడికే.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. అపార్టుమెంట్లవాళ్ళు ట్యాంకులకు నీళ్ళెక్కించడానికి గంటల లెక్కన జనరేటర్లు అద్దెకు తెచ్చుకున్నారు. సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకుని, లైనును విడదీసే ఏబీ స్విచ్ దించినంత మాత్రాన స్తంభం ఎక్కవద్దని మావాళ్ళకు పదే పదే చెప్పేవాళ్ళం. ఎల్‌సీ అటు నుంచి వచ్చే కరెంటునే ఆపుతుంది, ఏ ఇంటి నుంచి ఎదురొస్తుందో దానికి తెలియదు. అందుకే రెండు పక్కలా ఎర్తు రాడ్లు వేశాకే తీగ ముట్టుకోవాలి.

ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవాళ్ళు ఒక సంగతి గమనించే ఉంటారు. గ్రిడ్ పోయిందంటే, నడినెత్తిన ఎండ ఉన్నా మామూలు సోలార్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. ఎదురు కరెంటుతో లైన్‌మన్ ప్రాణం పోకూడదని దానికి ఆ నిబంధన పెట్టారు. దుకాణంలో కొనే జనరేటర్‌కు ఆ తెలివి లేదు. ఆ తెలివే ఛేంజ్‌ఓవర్ స్విచ్. మన ఊళ్ళో బట్టల కొట్టువాడికీ కోళ్ళఫారం రైతుకూ ఇది కొత్త కాదు: హ్యాండిల్ ఇటు వేస్తే లైను, అటు వేస్తే జనరేటర్, రెండూ కలిసే వీలే లేదు. ఇక్కడైతే ఇంటి బయట ఒక ఇన్‌లెట్, బోర్డులో ఈ స్విచ్ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకుని, సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి.

ఖర్చెక్కువ, పైగా అద్దె ఇల్లు అంటారా? అలాగైతే ఇంటి వైరింగ్ జోలికే వెళ్ళకండి. ఆరుబయటకు పనికొచ్చే మందపాటి ఎక్స్‌టెన్షన్ వైరును చుట్ట పూర్తిగా విప్పి, జనరేటర్ నుంచి నేరుగా ఫ్రిజ్‌కూ ఒక దీపానికీ ఇచ్చుకోండి. రెండు కిలోవాట్ల మెషీన్‌కు కెటిల్ ఒక్కటే మోయలేని బరువు. గీజర్ మాట సరేసరి. తలుపు తెరవకుంటే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగానే ఉంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు రెండు రోజులు ఆగుతుంది. అందుకని రాత్రంతా జనరేటర్ మోగించి ఇరుగుపొరుగు నిద్ర చెడగొట్టనక్కర్లేదు, పెట్రోలూ తగలెయ్యనక్కర్లేదు. పైగా కరెంటు పోతే పెట్రోలు బంకుల్లో పంపులు, కార్డు మెషీన్లు కూడా పనిచేయకపోవచ్చు.

ఇక పొగ సంగతి. మన అపార్టుమెంట్లలో జనరేటర్ ఎక్కడో వెనకాల ఉంటుంది, పొగగొట్టం పైకి పోతుంది, వాచ్‌మన్ చూసుకుంటాడు. ఇక్కడ గరాజ్‌కూ ఇంటికీ మధ్య ఒక్క తలుపే. వానకు తడుస్తుందని గరాజ్‌లో పెట్టి నడిపితే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. షట్టర్ ఎత్తి ఉంచినా చాలదు. తలనొప్పి, వికారం మొదలైతే ఆరుబయటకు పరుగెత్తి 111కు ఫోన్ చేయాల్సిందే. బెడ్‌రూముల దగ్గర ఆ వాయువును పసిగట్టే అలారం ఒకటి పెట్టుకోవాలి. మామూలు పొగ అలారం దీన్ని గుర్తించదు.

ఇక్కడి తెలుగు సంఘాలకు నా విన్నపం ఒకటే. పండగ సభలో అరగంట ఒక ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి, ఇన్‌లెట్, స్విచ్ తెచ్చి అందరి ముందూ చూపించమనండి. పాఠకులకూ ఒక మాట: జనరేటర్ ధరలో స్విచ్ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి. అంత పెట్టలేకపోతే ఎక్స్‌టెన్షన్ వైరుతో సరిపెట్టుకోండి. రెండు మగ ప్లగ్గుల వైరు ఇంట్లో ఉంటే మాత్రం ఇవాళే ముక్కలు చేసి పారేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ విద్యుత్ ఉద్యోగి, ఆక్లండ్