టెర్వూరెన్ కంచె

1897లో బెల్జియం రాజు రెండవ లియోపోల్డు బ్రస్సెల్స్ సమీపాన టెర్వూరెన్‌లో 267 మంది కాంగో ప్రజలను ప్రదర్శనకు నిలిపాడు. చూడవచ్చిన జనం తినుబండారాలు విసిరారు. చలికి, జబ్బుకు ఏడుగురు మరణించారు: ఎకియా, గెంబా, కిటుక్వా, ఎంపెయా, జావో, సాంబా, మిబాంగె. వారి సమాధులు నేటికీ అక్కడి చర్చి ఆవరణలో ఉన్నాయి.

రైల్వే సోదరులు మరొక సంగతి గమనించాలి. సరిగ్గా అప్పుడే కాంగోలో మతాది–లియోపోల్డ్‌విల్ రైలుమార్గ నిర్మాణం సాగుతున్నది. 1898లో అది పూర్తయ్యేనాటికి, పాలకులే ఒప్పుకొన్న లెక్క ప్రకారం, 1,800 మంది శ్వేతేతర కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. మనిషిని వింతజంతువుగా చూపిన తరువాత వాని కూలి ఎంత, చావులెన్ని అని అడిగేవారెవరు?

1958 బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలోనూ కాంగో గ్రామం వెలసింది. అవమానాలు సహించక అందులోనివారు మధ్యలోనే స్వదేశానికి వెళ్ళిపోయారు. మేము దానిని సమ్మెగానే పరిగణిస్తున్నాము.