ఏం ఆడుతున్నావు, నాన్నా?

పండక్కి నలుగురు తల్లిదండ్రులు ఒకచోట చేరితే మాట పిల్లల మీదికి, అక్కణ్ణుంచి వీడియో గేముల మీదికి పోతుంది. "మావాడు గది తలుపు తియ్యడండీ." "మా అమ్మాయికి అన్నం కూడా అక్కడికే పట్టుకెళ్ళాలి." నేనూ అవునవునని తలూపుతాను. కాని లోపల కాస్త సిగ్గేస్తుంది. నేనూ ఆ తాను ముక్కనే కదా!

2000లో మా ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో మా అంతస్తు మొత్తానికి మూడే కంప్యూటర్లు. మూడూ సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో భాగాలు కొని బిగించినవే. వాటికి వైర్లు కలిపి తెల్లవార్లూ ఆడిన ఆట 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండో భాగం. డాలస్‌లోని ఎన్‌సెంబుల్ స్టూడియోస్ వాళ్ళు తయారుచేయగా 1999లో విడుదలైంది.

తెలియనివారి కోసం చెబుతాను. మొదట చేతిలో ముగ్గురు పనివాళ్ళు, ఒక వేగులవాడు ఉంటారు. తిండి, కట్టె, బంగారం, రాయి కూడబెట్టి చీకటి యుగం నుంచి సామ్రాజ్య యుగం దాకా నాలుగు మెట్లెక్కాలి. రెండో మెట్టుకే 500 పాళ్ళ తిండి కావాలి. ఉన్నదంతా సైన్యానికి పెడితే ఊరు ఎదగదు, అంతా దాచుకుంటే శత్రువొచ్చి దోచుకుపోతాడు. జీతం రాళ్ళని ఇంటి వాయిదాకీ, పిల్లల చదువుకీ, అత్యవసరానికీ పంచుతున్నప్పుడల్లా నాకా ఆటే గుర్తొస్తుంది.

నష్టం కూడా చెప్పాలి. ఆ ఏడు ఫ్లూయిడ్ మెకానిక్స్ తప్పి సప్లిమెంటరీ రాశాను. మా నాన్నగారు కేకలెయ్యలేదు. "అంతలా ఏముందిరా అందులో?" అన్నారు. తిట్టనుకుని తలవంచుకుని ఊరుకున్నాను. ఆయన నిజంగానే అడిగారేమోనని ఇప్పుడనిపిస్తుంది. చెబుదామంటే ఆయన లేరు.

పోయిన ఏడాది ఒక శనివారం రాత్రి, పద్నాలుగేళ్ళ మావాణ్ణి మందలిద్దామని గదిలోకి వెళ్ళాను. తెరమీద నా పాత ఆటే! 2019లో దాన్ని కొత్తగా తీర్చిదిద్దారు, 2022లో 'ద్రావిడులు' అనే జట్టుని చేర్చారు. "నాన్నా, వూట్జ్ స్టీల్ అంటే ఏమిటి?" అన్నాడు. తిట్లు మరిచిపోయి కుర్చీ లాక్కున్నాను. ఆ మాటకి మూలం మన 'ఉక్కు' అనీ, నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఒకప్పుడు ఆ ఉక్కుకి పేరుపడ్డ ఊరనీ చెప్పాను.

అందులో రాజేంద్ర చోళుడి కథ కూడా ఉంది. "ఈయన మనకి చుట్టమేరా" అన్నాను. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు ఈయన చెల్లెలు కుందవ్వ కొడుకు. ఈయన కూతురు అమ్మంగదేవినే పెళ్ళాడాడు. అంటే అచ్చంగా మేనరికం! నన్నయ భారతం మొదలుపెట్టింది ఆ అల్లుడి కొలువులోనే. మావాడు ఆట ఆపేసి నావైపు తిరిగాడు. నాలుగేళ్ళుగా ఆదివారం తెలుగు బడిలో నన్నయ పేరు వింటున్నాడు. ఆ రాత్రి దాకా అది వాడికి పరీక్షలో జవాబు మాత్రమే.

ఆటలన్నీ మంచివని నేననడంలేదు. ముగింపన్నది లేకుండా రోజూ రమ్మని పిలిచి, మాటిమాటికీ డబ్బడిగే ఫోను ఆటలంటే నాకూ భయమే. ఈ ఆటకి గెలుపో ఓటమో ఒక ముగింపుంటుంది. ఇదేమీ చరిత్ర పుస్తకం కాదు. ద్రావిడులందర్నీ ఒకే జట్టుగా కట్టేశారు, వాళ్ళు మాట్లాడేది తమిళమే. మన కాకతీయులకంటూ అందులో ప్రత్యేకంగా జట్టు లేదు. ఆ వెలితి పూరించాల్సింది తల్లిదండ్రులే. తలుపు బయట నిలబడి అరిస్తే ఆ పని జరగదు.

మనం పిల్లల్ని "ఎంతసేపు ఆడావు?" అని రోజూ అడుగుతాం. "ఏం ఆడుతున్నావు?" అని అడిగేవాళ్ళం ఎందరం? గడియారం చూడవద్దనను. హద్దులు పెట్టండి, నిద్రవేళ దాటనివ్వకండి. కాని ఈ పండగ సెలవుల్లో ఒక్క ఆట పక్కన కూర్చుని చూడండి. వీలైతే ఆడండి.

నేనాడాను. ఇరవై నిమిషాల్లో చిత్తుగా ఓడిపోయాను. పైగా, "నాన్నా, పనివాళ్ళని అలా ఊరికే నిలబెట్టావేంటి?" అని చీవాట్లు కూడా తిన్నాను!