షాదీఖానాలో షటిల్ ఆడితే తప్పేముంది?



2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్. అటుపక్క ఇండోనేసియా, ఆ కప్పును 14 సార్లు గెలిచిన ముల్క్. ఇటుపక్క మొదటిసారి ఫైనల్‌కొచ్చిన ఇండియా. మూడో మ్యాచ్‌లో మన తెలుగు కుర్రాడు కిదాంబి శ్రీకాంత్, జొనాతన్ క్రిస్టీని ఓడించాడు. 3-0తో కప్పు మనదైంది. ఆ రోజు నా ఫోన్‌కు ముబారక్‌బాద్ మెసేజీలు చానా వచ్చాయి. సంతోషమే. కానీ నాకొక సవాల్ మిగిలిపోయింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మొహల్లాల బచ్చే అట్ల ఆడాలనుకుంటే, ఎక్కడ ఆడాలి? ఎవరు నేర్పాలి?

శ్రీకాంత్ కెరీర్ మొత్తం చూస్తే జవాబు కొంత దొరుకుతుంది. గోదావరి పక్క రావులపాలెంలో పుట్టినోడు. అన్న నందగోపాల్ కూడా ఆటగాడే. హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీకి చేరాక మొదట్లో డబుల్స్ ఆడేవాడు. ఉస్తాద్ గోపీచంద్ అతన్ని సింగిల్స్‌కు మార్చాడు. 2014లో చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్ అంతటివాణ్ణి ఓడించాడు. 2017 ఒక్క సంవత్సరంలో ఇండోనేసియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్ టైటిళ్ళు నాలుగూ గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. తర్వాత దెబ్బలు తగిలాయి, ర్యాంకు పడిపోయింది, టోక్యో ఒలింపిక్స్‌కు బెర్త్ కూడా దొరకలేదు. అయినా సబర్ వదల్లేదు. 2021 చివర్లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కు చేరిన మొదటి భారతీయ పురుషుడయ్యాడు. ఆర్నెల్లు తిరక్కముందే థామస్ కప్.

ఈ కహానీలో నాకు కనిపించేది హునర్ ఒక్కటే కాదు. ప్రతి మలుపులో ఒక ఉస్తాద్ ఉన్నాడు. 2017లో మన సింగిల్స్ ఆటగాళ్ళకు నేర్పినవారిలో ఇండోనేసియా కోచ్ ముల్యో హందోయో ఉన్నారు. 2004 ఏథెన్స్‌లో ఒలింపిక్ గోల్డ్ గెలిచిన తౌఫీక్ హిదాయత్‌కు ఉస్తాద్ ఆయనే. ఇక గోపీచంద్‌కు తొలిరోజుల్లో నేర్పినది హైదరాబాద్ సయ్యద్ మొహమ్మద్ ఆరిఫ్ సాహెబ్. సైనా నెహ్వాల్, జ్వాలా గుత్తా కూడా ఆయన శాగిర్దులే. 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ అందుకున్నారు. మన ఇళ్ళల్లో సానియా మీర్జా పేరు తెలియని బచ్చా లేడు, ఆరిఫ్ సాహెబ్ పేరు మాత్రం చెప్పాల్సొస్తుంది. గెలిచినోళ్ళకు చప్పట్లు కొడతాం, నేర్పినోళ్ళను యాద్ చేసుకోం. అందుకే మన ఊళ్ళల్లో నేర్పేవాళ్ళు తయారు కావడం లేదని నా ఖయాల్.

ఇప్పుడు చోటు సంగతి. బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. మన షాదీఖానాల్లో వందలమంది కూర్చుని వలీమా తింటారు. అంత హాలులో ఒక కోర్టు నిక్షేపంగా పడుతుంది. నికాహ్‌లు ఏడాదంతా ఉండవు. మొహర్రం, రమజాన్ నెలల్లో దాదాపు ఉండనే ఉండవు. మిగతా రోజుల్లో హాలుకు తాళం, లోపల పావురాలు. ఫజర్ తర్వాత రెండు గంటలు ఆ తాళం తీయండని ముతవల్లీలను, కమిటీ సదర్ సాహెబ్‌లను అదబ్‌తో అడుగుతున్నాను.

"షాదీఖానా కౌమ్‌ది, ఆటలకు కట్టలేదు" అంటారు కొందరు బుజుర్గులు. పిల్లలూ కౌమ్‌లోని వాళ్ళే కదా. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి ఫజర్‌కు లేవని పిల్లోణ్ణి, ఆట పేరుతోనైనా లేపితే అది ఖిద్మత్ కాదా?

ఇంకో ఏతరాజ్ అమ్మాయిల గురించి. బయటి మైదానంలో పదిమంది చూస్తుండగా ఆడించడం చాలా ఇళ్ళల్లో ఇష్టపడరు. సరే, షాదీఖానాకు నాలుగు గోడలున్నాయి, తలుపుంది. వేరే వఖ్త్ పెట్టండి, నేర్పడానికి ఒక బెహన్‌ను పెట్టండి. బట్టల మాటకొస్తే, 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య అమ్మాయిలంతా స్కర్టులే వేసుకోవాలని రూల్ తెచ్చింది. గొడవైతే మరుసటి ఏడాది వదిలేసింది. టోక్యో ఒలింపిక్స్‌లో ఇరాన్ అమ్మాయి సొరయా ఆఘాయీ హిజాబ్‌తోనే సింగిల్స్ ఆడింది. ఇక మిగిలింది మన ఇజాజత్ ఒక్కటే.

"ఆటతో రోటీ దొరుకుతుందా?" అని అబ్బాలు అడుగుతారు. జాయజ్ సవాలే. నేను ఝూట్ చెప్పను. నూరుమంది ఆడితే ఒక్కడూ శ్రీకాంత్ కాకపోవచ్చు. అందుకే తాలీమ్ ఆపమని చెప్పడం లేదు. రైల్వేలో స్పోర్ట్స్ కోటా ఉంది గానీ, దాన్ని నమ్ముకుని చదువు మానిపించొద్దు. అసలు లాభం సెహత్. చిన్న వయసులోనే షుగర్, బీపీ గోలీలు మింగే ఇళ్ళు మనవి. ఒళ్ళు చెమటపట్టే అలవాటు పిల్లలకు ఇప్పుడే చేయాలి.

కొన్ని జాగ్రత్తలు కూడా రాస్తున్నాను. గ్రానైట్ బండల మీద, సిమెంటు మీద ఎగిరితే మోకాళ్ళు పాడైపోతాయి. చుట్టి పెట్టుకునే సింథటిక్ మ్యాట్ కొనండి, నికాహ్ రోజు తీసేయొచ్చు. నేర్చుకునేవాళ్ళకు ఈకల షటిల్ అక్కర్లేదు, నైలాన్‌ది చానా రోజులొస్తుంది. షాదీఖానా కప్పు పెద్ద టోర్నమెంట్లకు చాలినంత ఎత్తు ఉండదు. అయినా కాళ్ళ కదలిక, సర్వీసు, నెట్ దగ్గర ఆట నేర్చుకోవడానికి సరిపోతుంది. బునియాద్ పడ్డాక పిల్లల్లో దమ్ముంటే, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం దాటి అదే రైలు బెంగళూరు పోతుంది. గోపీచంద్ కూడా హైదరాబాద్‌లో బునియాద్ వేసుకున్నాకే బెంగళూరు వెళ్ళి ప్రకాశ్ పదుకొణె దగ్గర నేర్చుకున్నాడు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు.

ఇక జిమ్మేదారీ ఎవరిది? కాలేజీలో షటిల్ ఆడి ఇప్పుడు అంగడిలోనో ఆఫీసులోనో కూర్చున్న భాయిలు, బెహన్లు మూడు ఊళ్ళల్లోనూ ఉన్నారు. వారానికి రెండు పొద్దులు పిల్లలకివ్వండి. కమిటీ తాళంచెవి ఇవ్వాలి, అమ్మీ అబ్బాలు పిల్లల్ని పంపాలి. వచ్చే జుమా నమాజ్ తర్వాత మీ కమిటీవాళ్ళను ఒక్క మాట అడిగి చూడండి. ఇన్షా అల్లాహ్, ఒక్క ఊరు మొదలుపెడితే మిగతా రెండూ ఊరికే ఉండవు.