ఇల్లు లాగి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఇల్లు లాగి చూడమని మాత్రం అనలేదు. వారికి ఆ అవసరం రాలేదు. తీర్థానికో పెళ్ళికో తరలి వెళ్ళవలసి వస్తే గూడుబండి కట్టించుకునేవారు. అడుగున వరిగడ్డి పరిచి, పైన జంపఖానా వేస్తే పిల్లలు హాయిగా నిద్రపోయేవారు. వంటకి మాత్రం ఏ చెరువుగట్టునో దిగి మూడు రాళ్ళు వెతుక్కోవలసిందే.

అమెరికాలో, కెనడాలో మనబోటి సంసారులు కొందరు ఆ లోటు కూడా తీర్చుకున్నారు. మంచాలు, పొయ్యి, నీళ్ళతొట్టి అన్నీ వున్న చిన్న ఇంటిని కారు వెనక తగిలించుకుని సెలవులకి బయలుదేరతారు. దాన్ని ట్రెయిలర్ అంటారు. మిన్నెసోటాలో వుంటున్న మా తమ్ముడికి అటువంటిది ఒకటి వుంది. 2022 వేసవిలో నెలన్నరపాటు వాళ్ళింట్లో వుండి, దాంట్లో మూడు ప్రయాణాలు చేశాను. చేసినన్నాళ్ళూ నాకు ఒకటే సందేహం: ఇంత చిన్న వస్తువుకి ఇంత సేవ ఎందుకు?

ముందు దాని వంశం చెప్పాలి. కెనడాలోని విన్నిపెగ్ నగరంలో రే ఒలెకో అనే ఆయన 1968లో యీ రకం ట్రెయిలర్ తీసుకువచ్చాడు. అంతకుముందు ఆయన ఫైబర్‌గ్లాసుతో సెప్టిక్ ట్యాంకు రూపొందించాడు. ట్యాంకుకి పనికివచ్చిన సరుకు ఇంటికి ఎందుకు పనికిరాదు అనుకున్నాడు కాబోలు. పైన గుండ్రంగా, దొరలు పెట్టుకునే బౌలర్ టోపీలా వుందని దానికి బోలర్ అని పేరు వచ్చింది. 1971 నుంచి మిన్నెసోటాలోని బాకస్ అనే చిన్న వూళ్ళో స్కాంప్ అనే పేరుతో ఆ పోలికవే తయారవుతున్నాయి. టెక్సాస్‌లో కసీటా అనేవి 1983లో మొదలయ్యాయి. యజమానులు వీటన్నిటినీ ముద్దుగా గుడ్డు అంటారు. చూసినవారికి ఆ పేరెందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

మా తమ్ముడిది కూడా గుడ్డే. మొత్తం పొడవు 13 అడుగులు. కారుకి తగిలించే ముందరి ఇనుప చట్రం పోను, గది 10 అడుగులు. వెనక భోజనాల బల్ల రాత్రికి మంచమవుతుంది. ముందరి సోఫా పైనొకటి, కిందొకటి రెండు పడకలవుతుంది. నలుగురం పడుకున్నాం. అర్ధరాత్రి ఒకరు లేవాలంటే ఇంకొకరు కాళ్ళు ముడుచుకోవాలి, అంతే.

మామూలు ట్రెయిలర్‌కి చెక్క చట్రం వేసి, పైన రేకులు తొడిగి, కప్పు విడిగా వేస్తారు. మూలమూలకీ అతుకే. అతుకు వదిలిన చోట వాననీరు దిగి లోపలి చెక్క కుళ్ళుతుంది. అది బయటికి కనిపించేసరికి జరగవలసిన నష్టం జరిగిపోతుంది. గుడ్డు అలా కాదు. గాజునార పట్టలని రెజిన్ అనే జిగురులో తడిపి, అచ్చులో పరిచి ఆరబెడతారు. కాకినాడ, విశాఖపట్నం తీరాల్లో మన బెస్తవాళ్ళు నడిపే ఫైబరు పడవలు చేసేదీ యిలాగే. పై సగం ఒక అచ్చు, కింది సగం ఒక అచ్చు. రెంటినీ నడుము దగ్గర కలిపేస్తారు. పాఠం చెప్పే అలవాటు కొద్దీ అంటున్నాను గాని, మామూలు ట్రెయిలర్ పెద్ద సమాసమైతే ఇది రెండు మాటల సంధి.

అయినా సంధి సంధే. కిటికీల కోసం ఆ చిప్పకి కన్నాలు కోశారు. కప్పులో గవాక్షానికి ఒకటి కోశారు. లోపలి అల్మారాలు నిలవడానికి గోడలకి రివిట్లు కొట్టారు. కారడమంటూ వుంటే అక్కడే కారుతుంది. అందుకని ప్రతి వసంతంలోనూ బయట మా మరదలు గొట్టంతో నీళ్ళు కొడుతూంటే, లోపల తమ్ముడు టార్చిలైటు పుచ్చుకుని ఒక్కొక్క కిటికీ, ఒక్కొక్క రివిటూ చూసుకుంటూ పోతాడు. తలుపు దగ్గర నేలని మడమతో నొక్కి చూస్తాడు. చిప్ప ఫైబరే గాని నేల ప్లైవుడ్డు. మెత్తగా దిగిందంటే తడి చేరిందన్నమాట. ఆ పైన ట్రెయిలరంతా కడిగి మైనం రాసి రుద్దుతారు. అందం కోసమే అనుకున్నాను. మైనం లేకపోతే ఎండకి పైపూత సుద్దలా చేతికి అంటుతుందట.

బరువు సర్దడంలో మన బండివాళ్ళ శాస్త్రమూ, వాళ్ళ శాస్త్రమూ ఒకటే. వెనకబరువైతే కాడి పైకి లేచి ఎద్దుల గొంతులు బిగుసుకుంటాయి. ముందుబరువైతే మెడలు కుంగుతాయి. అనుభవమున్న బండివాడు బస్తాలన్నీ ఎక్కించాక కాడి ఎత్తి చూసి, ఒక బస్తా ముందుకో వెనక్కో జరిపిస్తాడు. ట్రెయిలర్‌లో కూడా మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 పాళ్ళు ముందుకి మొగ్గి, కారు వెనక కొక్కెం మీద పడాలి. వెనకబరువైతే పరుగులో ట్రెయిలర్ అటూ యిటూ వూగడం మొదలుపెడుతుంది. ఆ వూపు పెరిగితే కారునే తిప్పి పారేస్తుంది.

ఇది మా వాళ్ళకి పుస్తకంలో తెలిసిన సంగతి కాదు. కొన్న మొదటి యేడు, వెనక బల్ల కింద చోటు ఖాళీగా వుంది కదా అని బియ్యం సంచీ, కుక్కరు, నీళ్ళ సీసాలు అన్నీ అక్కడే పెట్టారు. పెద్ద రోడ్డు మీద ఒక లారీ దాటి వెళ్ళినప్పుడు ఆ గాలికి ట్రెయిలర్ వూగింది. ఒక వూపు, రెండు, మూడు. వెనక సీట్లో పిల్ల వుంది. అటువంటప్పుడు ఎవరికైనా బ్రేకు తొక్కాలనే తోస్తుంది. తొక్కితే ముందున్న కారు ఆగుతుంది, వెనకున్నది ఆగక దాన్ని పక్కకి తోస్తుంది. తమ్ముడు యాక్సిలరేటర్ మీదనుంచి కాలు తీసేసి, స్టీరింగు కదలకుండా పట్టుకుని, ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే వేసే మీటని చేత్తో మెల్లగా నొక్కాడు. వూపు తగ్గింది. ఆ తరవాత ముగ్గురూ రోడ్డుపక్క గడ్డిలో చాలాసేపు కూర్చున్నారట.

"ఆ రోజునుంచి మాకు తూకం పిచ్చి పట్టుకుంది వదినా" అంది మా మరదలు.

పిచ్చి కాదు, పద్ధతి. బయలుదేరే ముందు స్నానాలగదిలో వొళ్ళు తూచుకునే మిషను వీధిలోకి వస్తుంది. దానిమీద చెక్కదిమ్మ పెట్టి ట్రెయిలర్ మూతిని దించుతారు. సామానుతో కలిపి వాళ్ళది సుమారు 1,700 పౌన్లు. కనక మిషను 170కి తగ్గకూడదు, 255 దాటకూడదు. నేనున్నప్పుడు ఒకసారి 150 చూపించింది. మా మరదలు మారుమాట లేకుండా లోపలికి వెళ్ళి, 20 పౌన్ల బియ్యం సంచీ, ఆవకాయ జాడీ వెనకనుంచి ముందుకి చేర్చింది. మళ్ళీ చూస్తే 175.

కారుకున్న ఇనుపబంతి మీద ట్రెయిలర్ మూతి కూర్చోవాలి. కూర్చుందనుకోవడం వేరు, కూర్చోవడం వేరు. చీల వేశాక తమ్ముడు జాకీతో మూతిని పైకెత్తి చూస్తాడు. దానితోపాటు కారు వెనకభాగం కూడా లేస్తే పట్టు పడినట్టు. కింద రెండు గొలుసులు ఒకదాన్నొకటి దాటేటట్టు అడ్డంగా వేస్తారు. పట్టు జారినా మూతి నేలకి కొట్టుకోకుండా ఆ గొలుసుల వుయ్యాలలో పడుతుంది. గొలుసులు కూడా తెగితే ఇంకొక సన్నని తీగ వుంది. అది లాగుకుంటే ట్రెయిలర్‌లోని బ్యాటరీ వెంటనే దాని బ్రేకులు వేసేస్తుంది.

కందెన అనే మాట నిఘంటువులో తప్ప కనిపించి నాకు చాలా యేళ్ళయింది. అక్కడ మళ్ళీ కనిపించింది. ఏడాదికొకసారి చక్రాలు విప్పి, బేరింగులు తుడిచి, కొత్త గ్రీజు పెట్టాలి. లేకపోతే బేరింగు వేడెక్కి మాడిపోతుంది, ఒక్కొక్కప్పుడు చక్రమే వూడిపోతుంది. దారిలో ఆగినప్పుడల్లా తమ్ముడు చక్రం నడిబొడ్డున అరచెయ్యి ఆనించి, పిల్లలకి జ్వరం చూసినట్టు చూసేవాడు. టైరుకి అరుగుదలే కాదు, వయసు కూడా చూడాలి. ఏడాదిలో చాలాభాగం నిలబడి వుండే టైరు అరక్కుండానే ముసలిదవుతుంది. దాని పక్కన అచ్చుపోసిన నాలుగంకెలే జాతకం. 2319 అంటే 2019లో 23వ వారాన పుట్టిందని. ఆరేళ్ళు నిండితే, చూడటానికి ఎంత కొత్తగా వున్నా, మా తమ్ముడు మార్చేస్తాడు.

మినియాపొలిస్ నుంచి ఉత్తరంగా వెళితే డులూత్ వూరి ముందు పెద్ద దిగుడు వుంది. ఎదురుగా సుపీరియర్ సరస్సు సముద్రంలా పరుచుకుని వుంటుంది. నడిపేవాడు తప్ప అందరూ చూడవచ్చు. దిగుడు మొదలుకాకముందే తమ్ముడు వేగం తగ్గించి, కింది గేరులో వేశాడు. బ్రేకు అదేపనిగా తొక్కిపట్టి దిగితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. ఆ సాయంత్రం గూస్‌బెర్రీ జలపాతం దగ్గర విడిది చేశాం. ట్రెయిలర్‌ని వెనక్కి నడిపి చెట్ల మధ్య నిలపడం పెద్ద విద్య. స్టీరింగుని అడుగున పట్టుకుంటే, చెయ్యి ఎటు జరిగితే ట్రెయిలర్ వెనకభాగం అటు వెళుతుంది. మరదలు వెనక నిలబడి చెయ్యి వూపుతుంది. ఆమె అద్దంలో కనిపించకపోతే కారు ఆగిపోవాలని వాళ్ళ నియమం.

మర్నాడు పొద్దున్న ఇడ్లీ పెట్టాం. పది నిమిషాల్లో కిటికీలన్నీ చెమటపట్టాయి. నాకు చలివేసి కిటికీ మూయబోయాను.

"అది మూయకండి వదినా! పొయ్యి వెలిగినంతసేపూ పై గవాక్షం, ఒక కిటికీ తెరిచే వుండాలి" అంది మరదలు.

అంత చిన్న గదిలో పొయ్యి వెలిగితే ప్రాణవాయువు తగ్గడమే కాదు, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ చేరవచ్చు. దాన్ని కనిపెట్టి కూతపెట్టే పరికరం గోడకి వుంది. వున్నా సరే, చలికాచుకోవడానికి పొయ్యి వెలిగించరు. గ్యాసు గొట్టాల అతుకులకి సబ్బు నురగ పూసి, బుడగలు లేస్తాయేమో చూస్తారు. ఆ నురగ పూసే పని మా మేనకోడలిది.

శీతకాలంలో మిన్నెసోటాలో నీళ్ళున్న గొట్టం ఏదైనా పగిలిపోతుంది. అందుకని మంచు రాకముందే ట్రెయిలర్ గొట్టాల్లో నీళ్ళన్నీ వొంపేసి, గడ్డకట్టని గులాబిరంగు ద్రవం పోస్తారు. కార్లలో పోసే రకం విషం, అది యిక్కడ పనికిరాదు. బ్యాటరీ ఇంట్లోకి తెచ్చుకుంటారు. ఎలుకలు దూరే సందులు మూస్తారు.

నా సందేహానికి సమాధానం యీ పనులు చూస్తూండగానే దొరికింది. నిలిచి వున్న ఇల్లు మన అశ్రద్ధని కొన్నేళ్ళు వోర్చుకుంటుంది. కదిలే ఇల్లు ఒక మైలు కూడా వోర్చుకోదు. అలాగని భయపడనక్కరలేదు. ఇది చిన్నది కావడమే దాని గొప్ప. ఏ సంధి అయినా ఒక మనిషి చేతికి అందుతుంది, ఒక పూటలో అన్నీ చూసుకోవచ్చు. 1970 ప్రాంతాల్లో పుట్టిన గుడ్లు ఇప్పటికీ రోడ్లమీద తిరుగుతున్నాయంటే, ఫైబరు గొప్పతనం సగం, చూసుకున్న చేతుల గొప్పతనం సగం.

అక్కడున్న మన పిల్లలెవరైనా పాతది కొంటామని వుత్తరం రాస్తే, రంగు చూసి మురిసిపోవద్దని చెప్పండి. తలుపు తీయగానే ముక్క వాసన వస్తోందా, నేల దిగుతోందా, టైరు జాతకం ఏమిటి, గ్రీజు ఎప్పుడు పెట్టారు, తమ కారు ఎంత బరువు లాగగలదు, యీ అయిదూ తేలాకే బేరం మాట్లాడమనండి.

ఇక బయలుదేరే వేళ జరిగే తంతు ఒకటి చెప్పాలి. మా మేనకోడలికి అప్పుడు పదకొండేళ్ళు. ఒక అట్టముక్క మీద పనులన్నీ వరసగా రాసి పెట్టుకుంది. కారు పక్కన నిలబడి చదువుతుంది. "చీల?" "వేశాను." "గొలుసులు?" "దాటించాను." "తీగ?" "తగిలించాను." "వెనక దీపాలు?" "అమ్మ చూసింది." "గ్యాసు?" "కట్టేశాను."

ఒకనాడు వాన వచ్చేలా వుందని తమ్ముడు తొందరపడ్డాడు. "అన్నీ చూశానమ్మా, ఎక్కు!" అన్నాడు.

"నేను చదవలేదుగా నాన్నా" అని అది అక్కడే నిలబడింది.

వాడు మాట్లాడకుండా మళ్ళీ కారు దిగాడు.