తోకచుక్క – మన భయము

2024 అక్టోబరు మాసమున, సూర్యాస్తమయానంతరము పడమటి దిక్కున తోకచుక్క యొకటి కనిపించిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. ఆ దినములలో మనవారు కొందరు కొత్త దుకాణము తెరచుటయు, ఒకరిద్దరు పెండ్లి మాటలును వెనుకకు నెట్టిరి. ధూమకేతువు పొడసూపిన అరిష్టమట! ఈ భయము మనలో నింకను నిలిచియుండుట మాకు చింత కలిగించుచున్నది.

తోకచుక్క యనగా మంచును ధూళియు కలసి గట్టిపడిన ముద్ద. సాధారణముగా కొన్ని కిలోమీటర్ల పొడవు మాత్రమే. సూర్యునికి దూరముగా నున్నంతకాలము దానికి తోకయే లేదు. చేరువైనకొలది ఆ మంచు నీరు కాకయే, కర్పూరము హరించినట్లు ఆవిరియై, ధూళిని వెంటగొని చిమ్మును. ధూళిని సూర్యకాంతి నెట్టగా వంపు తిరిగిన తెల్లని తోకయు, విద్యుదావేశము పొందిన వాయువును సౌరపవనము ఈడ్చుకొనిపోగా తిన్నని నీలితోకయు ఏర్పడును. ఈ రెండును సూర్యుడున్న వైపునకు పెడగా సాగును. కావుననే చుక్క సూర్యుని విడిచి మరలునప్పుడు తోక ముందు, తల వెనుక! కోట్ల కిలోమీటర్లు సాగినను తోక మిక్కిలి పలుచన; దాని గుండ నక్షత్రములు కనిపించును.

1910 మే మాసమున భూమి హేలీ తోకచుక్క తోకలో బడునని, అందు విషవాయువు గలదని విని పాశ్చాత్యులే గడగడలాడిరి. అమెరికాలో తోకచుక్క మాత్రలు సయితము అమ్ముడుపోయినవి. మేమును వర్తకులమే గాని, దానిని వర్తకమనుటకు నోరు రాదు. తోక వలన ఎవరికిని హాని కలుగలేదు.

1949లో హార్వర్డులో చదువుచుండగా తోకచుక్క నొకదానిని కనుగొన్నవారిలో నొకరగు వేణు బాప్పు హైదరాబాదున చదివి పెరిగినవారు. వారి పేరుగల కావలూరు వేధశాల మన తమిళనాటనే, జవ్వాది కొండలలో నున్నది.

మన పిల్లలు బడిలో ‘వాల్‌మీన్’ అనియో ‘కామెట్’ అనియో చదువుచున్నారు. ‘తోకచుక్క’ యను మాట వారు వినునది అవ్వ నోటనే, అదియు భయముతో. శాస్త్రము పరభాషలకును, భయము తెలుగునకును దక్కుట మాకు సమ్మతము కాదు. వేసవి సెలవులలో అనుమతి పొంది వారిని కావలూరునకు గొనిపోయి, తెలిసినవారిచే తెలుగున చెప్పింపవలెను. ఖర్చు దండుగయని కార్యవర్గమున కొందరు వాదించుచున్నారు. ఉత్సవ పందిళ్లకు ఈ వాదము ఎన్నడును రాలేదు! బస్సు కూలికి చందా నీయదలచువారు కార్యదర్శికి తెలుపగోరెదము.