రెండు దినాల ఖుర్తుబా

చదువుల కొరకో, ఉద్యోగాల కొరకో ఐరోపా ఖండానికి వెళ్లిన మన పూర్వవిద్యార్థులు అప్పుడప్పుడు నన్నొక ప్రశ్న అడుగుతుంటారు: “శని, ఆదివారాలు సెలవు సార్, ఎక్కడికి వెళ్లమంటారు?” రెండు దినాల్లో మూడు నగరాలు చుట్టి, ప్రతి గోపురం ముందు ఒక ఛాయాచిత్రం తీయించుకొని, అలసి తిరిగి వచ్చేవారే వారిలో ఎక్కువమంది. ఏమి చూచితిరని అడిగితే పేర్లు చెప్పగలరు గాని విశేషం చెప్పలేరు.

రెండు దినాలకు ఒక్క నగరం చాలునని నా అభిప్రాయం. అది స్పెయిన్ దేశంలోని కొర్దోబా. మన ఉర్దూ విద్యార్థులకు అది ఖుర్తుబాగా సుపరిచితం. అల్లామా ఇక్బాల్ 1933లో అక్కడి మసీదును దర్శించి వ్రాసిన దీర్ఘకవిత వారెరిగినదే. ఆ నగరాన్ని నేను గ్రంథాలలోను, వెళ్లి వచ్చినవారి మాటలలోను మాత్రమే చూచాను. అయినను ఈ సలహా ఇచ్చుటకు సాహసిస్తున్నాను.

మాడ్రిడ్ నుండి వేగవంతమైన రైలులో రెండు గంటల లోపే కొర్దోబా చేరవచ్చు. శనివారం ముందుగా చూడవలసినది మసీదు. ఆదివారం ఉదయం అక్కడ క్రైస్తవ ఆరాధన జరుగుతుంది. 785 ప్రాంతంలో మొదటి అబ్దుర్రహ్మాన్ దానిని ప్రారంభించగా, తరువాతి పాలకులు రెండు శతాబ్దాల పాటు విస్తరించారు. లోపల ఎనిమిది వందలకు పైగా స్తంభాలున్నాయి. వాటిలో అనేకం పాత రోమన్, విసిగోతు కట్టడాల నుండి తెచ్చినవి. ఆ పొట్టి స్తంభాలపై కప్పును ఎత్తుగా నిలుపుటకు శిల్పులు కమానుపై కమాను కట్టారు. ఎర్రని ఇటుక, తెల్లని రాయి ఒకదాని ప్రక్కన ఒకటి పేర్చారు. అవసరం నుండి పుట్టిన అందమది.

1236లో కాస్టిలు రాజు మూడవ ఫెర్నాండో నగరాన్ని జయించగా మసీదు చర్చి అయింది. అయినను దాదాపు మూడు వందల ఏండ్లు దాని రూపం చాలవరకు నిలిచింది. 1523లో బిషప్పు దాని నడిమధ్యన స్తంభాలను తొలగించి పెద్ద ప్రార్థనామందిరం కట్టించ పూనుకొన్నాడు. అప్పుడు అడ్డుపడినవారెవరు? ఆ ఊరి క్రైస్తవ నగరసభ్యులే! కూల్చే పనిలో చేయి వేసిన వారికి మరణదండన తప్పదని వారు చాటించారు. చివరకు చక్రవర్తి ఐదవ చార్లెస్ బిషప్పు పక్షం వహించాడు.

నేటికీ అక్కడ ముస్లిములు నమాజు చేయుటకు అనుమతి లేదు. మనవారికి అది బాధ కలిగించుట సహజం. నాకూ ఆ బాధ ఉన్నది. కాని కన్నీటితోనో, కోపంతోనో వెనుదిరిగితే సగమే చూచినట్లు. మిగిలిన సగం కొరకే రెండవ దినం కావాలి.

శనివారం సాయంత్రం రోమన్ వంతెన దాటి, గ్వాదల్కివిర్ నది ఆవలి ఒడ్డు నుండి నగరాన్ని తిలకించండి. ఆదివారం ఉదయం పడమరగా సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని మదీనతుజ్ జహ్రాకు వెళ్లండి. మూడవ అబ్దుర్రహ్మాన్ 936 ప్రాంతంలో ప్రారంభించిన రాజనగరమిది. నూరేండ్లు కూడ నిలువలేదు. దానిని పాడుచేసినది పరమతస్థులు కారు. 1010 ప్రాంతపు అంతర్యుద్ధంలో మనవారే మనవారి నగరాన్ని కొల్లగొట్టారు. నేటికి త్రవ్వి తీసినది పదవ వంతు మాత్రమే.

మధ్యాహ్నం పాత యూదుల వాడలో నడవండి. 1315లో కట్టిన యూద ప్రార్థనాలయం, తత్త్వవేత్త మూసా బిన్ మైమూన్ విగ్రహం అక్కడే ఉన్నాయి. సమీపంలో కోటగోడ చెంత ఇబ్న్ రుష్ద్ విగ్రహమున్నది. ఇద్దరూ పన్నెండవ శతాబ్దపు వారు, ఆ ఊరి బిడ్డలే. అల్ మొహదు పాలనలో ఒకరి కుటుంబం ఊరు విడువవలసి వచ్చింది. రెండవవారు వార్ధక్యంలో బహిష్కృతులై, తమ గ్రంథాలు దగ్ధమగుట చూచారు. పాలకులు మాత్రం ముస్లిములే.

ఖుర్తుబా నేర్పే పాఠమిదే. కట్టినవారు, కాపాడినవారు, కూల్చినవారు ఏ ఒక్క మతంలోనో లేరు. ఈ పాఠం ఛాయాచిత్రంలో పట్టుబడదు. ముందుగా చదివి, తీరికగా నడిచినవారికే అందుతుంది.

కమిటీ పెద్దలకొక మనవి. మన కళాశాల విహారయాత్రలలో కూడా రెండు దినాల్లో తొమ్మిది స్థలాలు చూపే పద్ధతి మాని, ఒక్క స్థలాన్ని ఎన్నుకొని, దాని చరిత్రను తరగతిలో ముందుగా చదివించి, ఆ తరువాతనే బస్సు ఎక్కించండి. కొర్దోబా వెళ్లగల భాగ్యం కొందరికే కలుగుతుంది. చూడడం నేర్చుకొనే భాగ్యం అందరికీ కలిగించవచ్చు.